గాడి తప్పని చేయి: గ్రామఫోను ముల్లు వెనుకనున్న రేఖాగణితము

మా తాతగారు ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులు. ఆయన వెళ్లిపోయిన తరువాత ఒక రికార్డు ప్లేయరు, ముప్ఫైకి పైగా లాంగ్‌ప్లే రికార్డులు నా పాలికి వచ్చినవి. వానిని వినుట మొదలుపెట్టిన కొద్ది దినములకే నాకొక విచిత్రము కనబడినది. ఏ రికార్డు పెట్టినను మొదటి పాట తేటగా వినిపించును. చివరి పాటకు వచ్చుసరికి గాయకుని నోట 'స', 'శ', 'ష' అను అక్షరములు వచ్చినప్పుడెల్ల వేడి పెనముమీద నీళ్లు చిలికినట్లు చిటపటమను చప్పుడు. పాత రికార్డులు గదా, అరిగిపోయినవి కాబోలుననుకొన్నాను. ఇంకను అరగకుండ కాపాడవలెనని ముల్లు మోపు బరువును బాగా తగ్గించినాను. ఆ పని ఎంత పొరపాటో ముందు ముందు చెప్పెదను.

తప్పు రికార్డులది కాదు. ముల్లును మోయుచున్న చేయి ఉండవలసిన చోటునకు 5 మిల్లీమీటర్లు వెనుకగా ఉండుటయే దానికి కారణము. ఐదు మిల్లీమీటర్లకు ఇంత అనర్థమా అని మీకు తోచవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము కనుగొనుటకు శాస్త్రజ్ఞులకు సుమారు అరువది సంవత్సరములు పట్టినది. ఆ కథయే ఈ వ్యాసము. ఇందులోని గణితమంతయు పదవ తరగతి, ఇంటర్మీడియెట్ పుస్తకములలోనిదే.

సమస్య పుట్టిన విధము

1877లో అమెరికాలో థామస్ ఆల్వా ఎడిసన్ నిర్మించిన ఫోనోగ్రాఫులో ధ్వని ఒక స్తూపముమీద చుట్టిన తగరపు రేకుపై నమోదయ్యెడిది. స్తూపము తిరుగుచుండగా దానిని ఒక మర పక్కకు జరుపుచుండును. నమోదు చేయునప్పుడు ముల్లు స్తూపమునకు ఏ భంగిమలో ఆనినదో, తిరిగి వినిపించునప్పుడును అదే భంగిమలో ఆనెడిది. కావున ముల్లు కోణము చెడుట అను సమస్యయే అక్కడ లేదు.

1887లో ఎమిల్ బెర్లినర్ స్తూపమునకు బదులు బల్లపరుపు పళ్లెమును ఉపయోగించి గ్రామఫోనును కనిపెట్టినాడు. పళ్లెములో గొప్ప సౌకర్యమొకటి కలదు. ఒక అచ్చును తయారుచేసినచో దానితో వేలకొలది ప్రతులను ఒత్తవచ్చును. 1902లో గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగు వారి పాటలను నమోదు చేసికొనిపోయినాడు. 1908లో కలకత్తాలోనే రికార్డులను ఒత్తు కర్మాగారము వెలసినది. అటుపిమ్మట మన నాటక పద్యములు, హరికథలు, కీర్తనలు పల్లెటూళ్లకు సైతము నల్లని ప్లేట్ల రూపమున చేరినవి. ఇదంతయు పళ్లెము చలువయే.

కాని ఆ పళ్లెముతోనే చిక్కు కూడ వచ్చినది. రికార్డును చెక్కు యంత్రములో చెక్కుడు ముల్లు అంచునుండి కేంద్రమువైపునకు ఒక సరళరేఖమీద, అనగా వ్యాసార్థము వెంట, జరుగును. గాడిని వినిపించు యంత్రములోనో, ముల్లు ఒక చేతి చివర ఉండును. ఆ చేయి ఒక మూలనున్న కీలు చుట్టును తిరుగును. అట్లు తిరుగునప్పుడు ముల్లు గీయునది సరళరేఖ కాదు, వృత్తఖండము. సరళరేఖమీద చెక్కినదానిని వృత్తఖండముమీద చదువుచున్నాము! తలుపు రెక్కను తెరచునప్పుడు దాని అంచు నేలమీద వంపుగా పోవుటను అందరును చూచియే ఉందురు. ఇదియు అంతే.

తొలినాటి గ్రామఫోనులలో పెద్ద బూర మొత్తము ముల్లుతో పాటు కదలెడిది. 1903 ప్రాంతమున ఎల్‌డ్రిడ్జ్ జాన్సన్ బూరను కదలకుండ నిలిపి, క్రమముగా వెడల్పగు బోలు గొట్టము మాత్రము కదలు ఏర్పాటు చేసినాడు. ధ్వని ఆ గొట్టముగుండ బూరకు చేరెడిది. కావుననే దానికి టోన్‌ఆర్మ్, అనగా స్వరమును మోయు చేయి అని పేరు వచ్చినది. 1925లో విద్యుత్ పద్ధతి వచ్చిన తరువాత స్వరము తీగలగుండ పోవుచున్నది. గొట్టముతో దానికి పనిలేదు. అయినను పేరు మాత్రము నిలిచిపోయినది. ఇక ముందు మనము దానిని 'చేయి' అనియే పిలుచుకొందము.

గాడితప్పు కోణము

ముల్లు గాడిలో ఏ బిందువువద్ద ఉన్నదో ఆ బిందువువద్ద గాడికి ఒక స్పర్శరేఖను ఊహించుడు. ముల్లును పట్టియుంచు కార్ట్రిడ్జి సరిగా ఆ స్పర్శరేఖ వెంట చూచుచుండవలెను. చెక్కుడు ముల్లు ఎల్లప్పుడును అట్లే చూచినది గదా! కార్ట్రిడ్జి చూపునకును స్పర్శరేఖకును నడుమ తేడా ఏర్పడినచో, ఆ తేడాను గాడితప్పు కోణమందము.

దీనిని లెక్కగట్టుట కష్టము కాదు. పళ్లెము నడుమనున్న స్పిండిల్, చేయి తిరుగు కీలు, ముల్లు – ఈ మూడు బిందువులను కలిపినచో త్రిభుజమేర్పడును. స్పిండిల్ నుండి ముల్లునకు గల దూరము 'వ' (గాడి వ్యాసార్థము), కీలునుండి ముల్లునకు గల దూరము 'చ' (చేయి పొడవు), స్పిండిల్ నుండి కీలునకు గల దూరము 'ద' అనుకొందము. స్పర్శరేఖ వ్యాసార్థమునకు లంబము. కావున కొసైను సూత్రమునుబట్టి, చేతికిని స్పర్శరేఖకును మధ్యనుండు కోణము యొక్క సైను విలువ

(వ² + చ² − ద²) ÷ (2 × వ × చ)

అగును. 'చ', 'ద' మారవు. 'వ' మాత్రము అంచున 146 మి.మీ. మొదలుకొని లోపల 60 మి.మీ. వరకు తగ్గుచు వచ్చును. కావున కోణము కూడ మారుచుండును.

పాతకాలపు పద్ధతిలో చేయి తిన్నగా ఉండి, ముల్లు సరిగా స్పిండిల్ మీదుగా పోవునట్లు అమర్చినారనుకొందము. అప్పుడు 'చ', 'ద' సమానము. చేయి పొడవు 230 మి.మీ. అయినచో గాడితప్పు కోణము అంచున 18½ డిగ్రీలు, లోపల 7½ డిగ్రీలు ఉండును. ఇది చాల పెద్ద తప్పు.

విల్సన్ సూచించిన రెండు మార్పులు

1923లో ఇంగ్లండులో 'ది గ్రామఫోన్' అను పత్రిక వెలువడినది. మరుసటి సంవత్సరము, 1924లో, ఆ పత్రికలో పెర్సీ విల్సన్ అను గణితజ్ఞుడు ఈ విషయమునుగూర్చి వ్రాసినాడు. ఆయన సూచించిన మార్పులు రెండు. ఒకటి: ముల్లు స్పిండిల్‌వద్ద ఆగక, దానిని దాటి కొంతదూరము ముందుకు చొచ్చుకొని పోవలెను. రెండు: చేయి కొసను ఒక కోణముతో లోపలికి వంచవలెను. మొదటిదానిని చొరవ అనియు, రెండవదానిని ఒంపు అనియు అందము.

ఈ రెండింటి ప్రభావమును ఒక వర్గసమీకరణములో చూడవచ్చును. ఒంపు కోణము 'క' అనుకొందము. చేతికిని స్పర్శరేఖకును మధ్యనున్న కోణము 'క'తో సమానమైనచోట గాడితప్పు సున్న. అనగా

వ² − 2 చ వ సైన్(క) + (చ² − ద²) = 0

ఇది 'వ'లో వర్గసమీకరణము. దానికి రెండు మూలములు. కావున రికార్డుమీద రెండు వ్యాసార్థములవద్ద తప్పు పూర్తిగా లేకుండ చేయవచ్చును. ఆ రెండును శూన్యబిందువులు. మూడవచోట శూన్యము చేయుట ఎవరి తరమును కాదు. వర్గసమీకరణమునకు మూడవ మూలము లేదు! తక్కినచోట్లన్నిట తప్పు ఉండియే తీరును. మనము చేయగలిగినది దానిని ఎక్కడ ఎంత ఉంచవలెనో నిర్ణయించుట మాత్రమే.

మా తాతగారు తరగతిలో మూలముల మొత్తము, మూలముల లబ్ధము అని పదే పదే చెప్పెడివారు. అది ఇక్కడ చక్కగా ఉపయోగపడును. శూన్యబిందువులు రెండింటి మొత్తము 2 × చ × సైన్(క). వాని లబ్ధము చ² − ద². శూన్యబిందువులు ఎక్కడ కావలెనో నిర్ణయించుకొన్నచో ఒంపును చొరవను వెంటనే తెలిసిపోవును.

తప్పును తూచిన లోఫ్‌గ్రెన్

మరి శూన్యబిందువులు ఎక్కడ ఉండవలెను? విల్సన్ కోణమును వీలైనంత తగ్గించవలెనని చూచినాడు. ఒక డిగ్రీ తప్పు అంచుననున్నను, లోపలనున్నను ఒకే విధమైన హాని చేయుననుకొన్నచో అది సరియే. కాని అట్లు కాదని 1938లో స్వీడన్ దేశస్థుడగు ఎరిక్ లోఫ్‌గ్రెన్ చూపించినాడు.

ఆయన వాదము ఇది. రికార్డు నిమిషమునకు నిర్ణీతమైనన్ని చుట్లు తిరుగును. కాని ముల్లు క్రింద గాడి పోవు వేగము అంచున ఎక్కువ, లోపల తక్కువ. నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు లాంగ్‌ప్లే రికార్డులో ఆ వేగము అంచున సెకనుకు సుమారు 51 సెం.మీ., లోపల 21 సెం.మీ. మాత్రమే. సెకనుకు వేయి కంపనములు గల స్వరము అంచున ఒక్కొక్క అలకు అర మిల్లీమీటరు చోటును తీసికొనును. అదే స్వరము లోపల 0.21 మిల్లీమీటరులో ఇరుకుకొని కూర్చుండవలెను. అలలు అంత దగ్గరగా ఉన్నచోట ముల్లు ఏటవాలుగా ఉన్నచో వాని ఆకారము మరింత చెడును. స్వరమునకు రెట్టింపు కంపనములు గల కొత్త స్వరమొకటి అందులో లేకున్నను పుట్టుకొని వచ్చును. చెవికి అది కీచుగా, చిటపటగా తోచును.

కావున హానిని కొలుచుటకు కోణము ఒక్కటే చాలదు. కోణమును వ్యాసార్థముతో భాగించి చూడవలెను. లోపలి ఒక డిగ్రీ తప్పు అంచులోని రెండు డిగ్రీలకంటె ఎక్కువ చెరుపు. లోఫ్‌గ్రెన్ తన వ్యాసమును జర్మను భాషా పత్రికలో ప్రకటించినాడు. 1941లో హెచ్. జి. బేర్‌వాల్డ్ అమెరికాలో ఇదే విషయమును ఇంగ్లీషులో విస్తరించి వ్రాసినాడు. 1945లో బెంజమిన్ బాయర్ సులభమైన సూత్రములను ఇచ్చినాడు. ఇంగ్లీషు చదువరులు ఈ పద్ధతిని చాలకాలము బేర్‌వాల్డ్ పేరుతోనే పిలిచినారు. ముందు వ్రాసినవానికి తగిన పేరు రాకపోవుట శాస్త్రచరిత్రలో కొత్త సంగతి కాదు.

ఈ పద్ధతిప్రకారము ఈనాటి లాంగ్‌ప్లే రికార్డునకు శూన్యబిందువులు 66.0 మి.మీ., 120.9 మి.మీ. వద్ద ఉండును. చేయి పొడవు 230 మి.మీ. అనుకొని లెక్క వేయుడు. మొత్తము 186.9 ను 460తో భాగించినచో ఒంపు 24 డిగ్రీలు వచ్చును. లబ్ధము 7979 ను 230 యొక్క వర్గమునుండి తీసివేసి వర్గమూలము కనుగొన్నచో 'ద' 212 మి.మీ. అగును. అనగా చొరవ 18 మి.మీ.

ఇప్పుడు గాడితప్పు కోణమెంత? అంచున 1.9 డిగ్రీలు, నడుమ 1.1 డిగ్రీలు (అటువైపునకు), లోపల 0.8 డిగ్రీలు. 18½ ఎక్కడ, 1.9 ఎక్కడ! ఇంకొక విశేషము గమనించుడు. ఈ కోణములను ఆయా వ్యాసార్థములతో భాగించినచో మూడుచోట్లను దాదాపు 0.013 వచ్చును. ముగ్గురు బిడ్డలకు ఎవరి ఆకలికి తగినట్లు వారికి వడ్డించినట్లు, తప్పును వినికిడికి సమానముగా పంచినారన్నమాట. 1966లో జె. కె. స్టీవెన్‌సన్ ఇంకొక విధముగా పంచినాడు. పాశ్చాత్య సంగీతములో ఉచ్చస్థాయి ఘట్టములు తరచుగా చివరనే వచ్చును గదా అని, ఒక శూన్యబిందువును లోపలి అంచునకే జరిపినాడు. గణితము ఒక్కటే, దేనికి ఎక్కువ విలువ ఇత్తురన్నదానినిబట్టి సమాధానము మారును.

ఇప్పుడు నా 5 మిల్లీమీటర్ల సంగతి చూడుడు. ఒంపు మారక, ముల్లు మాత్రము 5 మి.మీ. వెనుకకు ఉన్నచో, అంచున తప్పు 0.3 డిగ్రీలే. సరియైన అమరికలోకంటె తక్కువ! లోపలనో, 3.8 డిగ్రీలు. అనగా ఉండవలసినదానికి దాదాపు అయిదు రెట్లు. మొదటి పాట తేటగాను, చివరి పాట చిటపటగాను వినిపించుటకు కారణమిదే. మొదటి పాటను మాత్రము విని అమరిక బాగున్నదనుకొనువాడు నావలె మోసపోవును.

మందు వెంట వచ్చిన జబ్బు

ఒంపు వలన మేలు కలిగినది గాని దానితో కొత్త బాధ ఒకటి వచ్చినది. తిరుగుచున్న రికార్డు ముల్లును స్పర్శరేఖ వెంట ముందుకు లాగును. ఆ లాగు రేఖ కీలుగుండ పోయినచో చేయి నిలిచియుండును. ఒంపు, చొరవ ఉన్నందున అది కీలుగుండ పోదు, పక్కగా పోవును. కావున చేతిని కేంద్రమువైపునకు త్రిప్పు బలమొకటి పుట్టును. ముల్లు గాడి లోపలి గోడను ఎక్కువగాను, బయటి గోడను తక్కువగాను ఒత్తును.

పాత 78 చుట్ల రికార్డుల కాలమున దీనిని ఎవరును పెద్దగా పట్టించుకొనలేదు. అప్పటి సౌండుబాక్సు ముల్లుమీద నూరు గ్రాములకు పైగా బరువు మోపెడిది. 1948లో కొలంబియా కంపెనీ సన్నని గాడిగల లాంగ్‌ప్లే రికార్డులను తెచ్చినప్పుడు బరువు కొద్ది గ్రాములకు దిగినది. 1957లో వెస్ట్రెక్స్ సంస్థ గాడి గోడలు రెండింటిమీద రెండు వేరు వేరు ధ్వనులను చెక్కు పద్ధతిని ప్రదర్శించినది. 1958 నుండి స్టీరియో రికార్డులు బజారులోనికి వచ్చినవి. దీని మూలసూత్రమును ఇంగ్లండులో అలన్ బ్లమ్‌లైన్ 1931లోనే పేటెంటు దరఖాస్తులో వ్రాసియుంచినాడు. ఒక గోడ కుడి చెవికి, ఒక గోడ ఎడమ చెవికి అన్నప్పుడు, ఒక గోడను ఎక్కువ ఒత్తుట ఇక చిన్న విషయము కాదు. కావున 1960లలో చేతిని బయటికి మెల్లగా లాగు చిన్న బరువునో, స్ప్రింగునో చేర్చుట వాడుకలోనికి వచ్చినది.

ఆ రోజులలో పేరుపొందినది ఇంగ్లండులోని ఎస్.ఎం.ఇ. వారి చేయి. అలస్టేర్ రాబర్ట్‌సన్-ఐక్‌మన్ నడపిన ఆ సంస్థ నమూనా యంత్రముల భాగములు చేయుచుండెడిది. 1959లో చేతిని బజారులోనికి తెచ్చినది. దానిలో కీలు ఉన్న పీఠమే ముందునకు వెనుకకు జరుగును. లెక్కలో 'ద' అని మనము వ్రాసినదానిని వ్రేలితో జరపుటయే అది!

వృత్తఖండమును పూర్తిగా వదలి, చేతిని సరళరేఖమీదనే నడపవచ్చును గదా అని మీరు అడుగవచ్చును. నడపినారు. 1972లో డెన్మార్కునకు చెందిన బ్యాంగ్ అండ్ ఓలుఫ్‌సెన్ వారి బియోగ్రామ్ 4000 లో చేయి చెక్కు యంత్రమువలెనే వ్యాసార్థము వెంట జరుగును. కాని దానిని జరుపుటకు మోటారు, అది ఎప్పుడు జరగవలెనో చెప్పు విద్యుత్ వలయము కావలెను. చేతిని పొడుగు చేసినను తప్పు తగ్గును. కాని పొడుగైన చేయి బరువగును. వంకర తిరిగిన రికార్డుమీద ఎక్కుచు దిగుచు పోవుటకు మొరాయించును. కావుననే కీలుమీద తిరుగు సామాన్యమైన చేయియే నేటికిని ఎక్కువగా వాడుకలో ఉన్నది.

అమర్చు క్రమము

ఈ చరిత్ర తెలిసినవానికి అమరికలో ఏది ముందు, ఏది వెనుక అన్నది తానే తెలియును. మొదట ప్లేయరును రసమట్టముతో చూచి సమతలముగా ఉంచవలెను. తరువాత చేయి వెనుకనున్న ప్రతిభారమును త్రిప్పి, త్రాసుకాడవలె చేయి గాలిలో నిలుచునట్లు చేయవలెను. అక్కడినుండి కార్ట్రిడ్జి తయారుచేసినవారు చెప్పిన బరువును మోపవలెను. ఈనాటి కార్ట్రిడ్జిలలో అది తరచుగా ఒకటిన్నర నుండి రెండున్నర గ్రాముల వరకు ఉండును.

నేను చేసిన రెండవ పొరపాటు ఇక్కడనే. బరువు తగ్గిన కొలది రికార్డునకు మేలనుకొన్నాను. అది నిజము కాదు. చాలినంత బరువు లేని ముల్లు పెద్ద స్వరములు వచ్చినప్పుడు గాడి గోడను వదలి ఎగిరి, తిరిగి గోడమీద పడును. వజ్రపు మొన ప్లాస్టిక్ గోడమీద పడిన ప్రతిసారి అక్కడొక గుంట. రెండు గ్రాములు అల్పమనుకొనవద్దు. ముల్లు గోడలను తాకు వైశాల్యము మొత్తము నూరు చదరపు మైక్రానులనుకొన్నచో, ఆ చోటుమీది ఒత్తిడి సుమారు రెండువేల వాతావరణముల కగును. అంతటి ఒత్తిడిని నిలకడగా మోపుట గోడకు సహింపవచ్చును. ఎగిరి పడుట సహింపరాదు.

బరువు తరువాత చొరవ. శూన్యబిందువులు రెండును గుర్తించిన కాగితమును పళ్లెముమీద పరచి, ముల్లును ఒక్కొక్క బిందువుమీద దించి, కార్ట్రిడ్జి పక్కలు అక్కడి గీతలకు సమాంతరముగా ఉన్నవో లేవో చూడవలెను. రెండుచోట్లను సరిపోవువరకు కార్ట్రిడ్జిని ముందునకు వెనుకకు జరుపుచు, కొద్దిగా త్రిప్పుచు ఉండవలెను. ఒకచోట మాత్రము సరిపోయినచో చాలదు. ఒక మూలము తెలిసినంత మాత్రమున వర్గసమీకరణము సాధించినట్లు కాదు గదా!

అటుపిమ్మట చేయి ఎత్తు. ముల్లు గాడిలో ఉన్నప్పుడు చేయి రికార్డునకు సమాంతరముగా ఉండుట మంచి ఆరంభము. ఎదురుగా నిలిచి చూచినప్పుడు ముల్లు అటు ఇటు ఒరగక నిట్టనిలువుగా ఉండవలెను. లేకున్నచో కుడి ఎడమ స్వరములు ఒకదానిలో ఒకటి కలియును. చివరగా బయటికి లాగు బలము. ప్రతి మార్పు తరువాత బరువును మరల చూడవలెను, ఏలయన కార్ట్రిడ్జిని జరిపినచో తూకము మారును.

ఇంకొక హెచ్చరిక. 78 చుట్ల పాత రికార్డుల గాడి వెడల్పు ఎక్కువ. వానికి సుమారు 75 మైక్రానుల గుండ్రని మొన కావలెను. లాంగ్‌ప్లే ముల్లు వాని గాడి అడుగున పడి దుమ్మును గీరుకొనుచు పోవును. అట్లే కీ ఇచ్చి తిప్పు పాత గ్రామఫోను ఉక్కు ముల్లు క్రింద లాంగ్‌ప్లే రికార్డు పెట్టినచో ఒక్కసారికే అది పాడగును.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

దీనికి ప్లేయరు అక్కరలేదు. పెద్ద కాగితముమీద 212 మి.మీ. దూరముతో స్పిండిల్, కీలు అను రెండు బిందువులను గుర్తింపుడు. కీలు కేంద్రముగా 230 మి.మీ. వ్యాసార్థముతో చాపమును గీయుడు. స్పిండిల్ కేంద్రముగా 146, 121, 89, 66, 60 మి.మీ. వ్యాసార్థములతో వృత్తములు గీసినచో అవి చాపమును ఖండించును. ఖండించిన ప్రతిచోట స్పర్శరేఖను గీసి, అది కీలుకు పోవు రేఖతో చేయు కోణమును కోణమానినితో కొలువుడు. వరుసగా సుమారు 26, 24, 23, 24, 25 డిగ్రీలు రావలెను. కోణము మొదట తగ్గి, తరువాత పెరుగుటను విద్యార్థులు తమ కంటితో చూతురు. 24 డిగ్రీలు రెండుసార్లు ఎందుకు వచ్చినదని అడుగుడు. వర్గసమీకరణమునకు రెండు మూలములుండుననుట వారికి ఇక మరపునకు రాదు.

నిలుపుకొనవలసినది

రికార్డుల కాలము ముగిసినదని చాలమంది అనుకొన్నారు. కాని 2022లో అమెరికాలో లాంగ్‌ప్లే రికార్డులు, 1987 తరువాత మొదటిసారిగా, కాంపాక్ట్ డిస్కులకంటె ఎక్కువ సంఖ్యలో అమ్ముడైనవి. అంతకంటె మనకు ముఖ్యమైనది వేరొకటి కలదు. మన గాయకుల, నటుల, హరిదాసుల కంఠములు కొన్ని పాత ప్లేట్లమీద తప్ప మరెక్కడను లేవు. ఈనాడు వానిని కంప్యూటరులోనికి ఎక్కించి భద్రపరచుచున్నారు. చేయి సరిగా అమర్చని యంత్రముమీద ఎక్కించినచో, చేతి తప్పు కూడ గాయకుని కంఠముతో పాటు శాశ్వతముగా భద్రమగును. తరువాత వినువాడు ఆ చిటపట గాయకునిదో, గాడిదో, చేతిదో తెలిసికొనలేడు.

మా తాతగారు ముల్లును దించునప్పుడు నన్ను దగ్గరకు పిలిచి, "ఊపిరి బిగబట్టి చూడరా, అది దిగుట కాదు, వాలుట" అనెడివారు. ఆ మాట అప్పుడు నాకు అర్థము కాలేదు. చేతిని సరిచేసిన తరువాత ఆయన రికార్డులు దాదాపు అన్నియు చివరి పాటవరకు తేటగా పాడుచున్నవి. ఒక్కదానిలో మాత్రము, ఆయనకు ఎక్కువ ఇష్టమైన కీర్తన చరణములో రెండుచోట్ల చిటపట పోలేదు. అది చేతి అమరిక వలన వచ్చినది కాదు. బరువు తగ్గించి నేను వారము దినములు మరల మరల వినిన రికార్డు అదే. ఆ రెండుచోట్ల గుంటలు చేసినది నేనే. ఏ లెక్కయు వానిని పూడ్చలేదు. ఒత్తిడిని గూర్చి పాఠము చెప్పినప్పుడెల్ల ఆ రికార్డునే తరగతిలో వినిపించుచున్నాను.